చక్కెర లేని చాక్లెట్ మఫిన్ మధ్యలో హల్వాలా ఎందుకు ఉండిపోతుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడేళ్ల పాపకి పొద్దున టిఫిన్‌గా పెడదామని మైదా, చక్కెర లేకుండా చాక్లెట్ మఫిన్లు చేశారు. చక్కెర ఉన్న పాత వంటకాన్నే తీసుకుని, 200 గ్రాముల చక్కెర బదులు 200 గ్రాముల ఖర్జూరం ముద్ద వేశారు. పిండి రుచి చూస్తే చేదనిపించి పావు కప్పు తేనె కూడా పోశారు. పైన మాడింది, లోపల హల్వాలా జిగురుగా మిగిలింది, చల్లారాక సబ్బు వాసన వచ్చింది, పాప ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేసింది. "ఆరోగ్యకరమైనవన్నీ ఇలాగే ఉంటాయా?" అన్నారు.

ఉండవండి. నేను రాజమండ్రిలో పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో బేకింగ్ చేస్తున్నాను, అందులో పన్నెండేళ్లు నేర్పిస్తున్నాను కూడా. మీకు వచ్చిన నాలుగు ఇబ్బందులూ నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో దాదాపు అందరికీ వస్తాయి. నాలుగింటికీ కారణాలు వేరువేరు. ఒక్కోటి విడదీసి చెప్తాను, ఆ తర్వాత నేను వాడే కొలతలు ఇస్తాను.

ముందు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బెల్లం, తేనె, ఖర్జూరం మూడింట్లోనూ ఉన్నది చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెనీ, పాకాలనీ, పళ్లరసాల్లోని తీపినీ మామూలు చక్కెరతో కలిపే లెక్కకట్టింది. అలాంటి తీపి రోజంతా తినే శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, వీలైతే 5 శాతం లోపు ఉండాలి అంది. రోజుకి 1,600 క్యాలరీలు తినే పిల్లకి 10 శాతం అంటే 40 గ్రాములు, 5 శాతం అంటే 20. బెల్లం వేశాం కదా అని మఫిన్‌ని గులాబ్‌జామ్ అంత తీపి చేస్తే పాప శరీరానికి తేడా తెలియదు. అందుకే నేను తీపి మొత్తాన్నే తగ్గిస్తాను. ఆ తగ్గించిన తీపిలో ఎక్కువ భాగం పీచుతో కలిసి వచ్చే పండు నుంచి తీసుకుంటాను. ఇందులో ఖర్జూరానికి ఉన్న సౌలభ్యం మరి దేనికీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. మఫిన్ పిండిలో చక్కెర తీపి ఇవ్వడంతో ఆగిపోదు. నీటిని తనవైపు లాక్కుని, గోధుమలోని గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు గట్టిగా అల్లుకోకుండా అడ్డుపడుతుంది, అందుకే మఫిన్ మెత్తగా వస్తుంది. గంజి కట్టే వేడిని కొంచెం పైకి జరుపుతుంది, అంటే పిండి గట్టిపడేలోపు పొంగడానికి సమయం ఇస్తుంది. పైన రంగు తెస్తుంది. రెండో రోజు కూడా ఎండిపోకుండా కాపాడుతుంది. ఇన్ని పనులు చేసేదాన్ని పొడిగా ఉన్న గింజల రూపంలో వంటకం నుంచి తీసేసి, ఆ స్థానంలో తడి ముద్ద పెట్టారు. ఖర్జూరం ముద్దలో పండు తేమ ఉంది, నానబెట్టి రుబ్బిన నీళ్లు ఉన్నాయి. తేనెలో ఆరోవంతు నీళ్లే. పాత వంటకంలోని పాలు మాత్రం చెంచా కూడా తగ్గించలేదు. పిండికి మోయలేనంత నీరు చేరింది. అదే మధ్యలో మిగిలిన హల్వా.

పైన మాడడానికి కారణం వేరు. మనం వాడే పంచదార సుక్రోజ్. అది 160 డిగ్రీల దగ్గరగానీ కాలి రంగు మారదు. తేనెలోనూ, మెత్తని ఖర్జూరాల్లోనూ ఉండేది ఎక్కువగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలవుతుంది. పైగా ఈ రెండూ గుడ్డులోని, పిండిలోని మాంసకృత్తులతో కలిసి పంచదారకంటే చాలా త్వరగా ఎర్రబడతాయి. మీరు పాత వంటకంలో చెప్పినట్టే 190 డిగ్రీల్లో చివరిదాకా ఉంచారు. పై పొర మాడిపోయేసరికి మధ్యకి ఇంకా వేడి చేరలేదు. చాక్లెట్ రంగు వల్ల మాడడం కంటికి కనిపించదు కూడా, ముక్కుకే తెలుస్తుంది. అందుకే ఖర్జూరం వేసినవాటిని నేను తక్కువ వేడిలో, కొంచెం ఎక్కువసేపు కాలుస్తాను.

ఖర్జూరం ఎంపిక గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే సగం ఫలితం అక్కడే ఉంది. నల్లగా, మెత్తగా, డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే కిమియా రకం మన ఊళ్లలో తేలిగ్గా దొరుకుతుంది. చేత్తో నొక్కితేనే ముద్దయిపోతుంది, మిక్సీలో వేస్తే పలుకులు మిగలవు. మెడ్జూల్ ఇంకా బాగుంటుంది, కానీ పొద్దున్నే పిల్లల టిఫిన్‌కి అంత ఖరీదు అక్కర్లేదని నా అభిప్రాయం. బండి మీద అట్టల్లా అమ్మే గోధుమరంగు నొక్కుడు ఖర్జూరం కూడా పనికొస్తుంది, అయితే వేడినీళ్లలో అరగంటైనా నానాలి. దాంట్లో ఇసుక, కాడలు, ఒక్కోసారి గింజ ముక్కలు ఉంటాయి కాబట్టి ఒక్కోటి విప్పి చూడండి. ఎండు ఖర్జూరం, అంటే గట్టిగా ముడతలు పడి ఉండేది, దీనికి వద్దు. రాత్రంతా నానినా మిక్సీలో తొక్క పలుకులుగా మిగిలిపోతుంది, పిల్లలకి నోట్లో తగులుతుంది. రంజాన్ నెలలో హైదరాబాద్ బేగంబజార్ వైపు వెళ్లే పని ఉంటే మంచి రకాలు ఒకేచోట చూసి, రుచి చూసి కొనుక్కోవచ్చు. నేను ఆ నెలలో రెండు కిలోలు తెప్పించుకుని గింజలు తీసి, 150 గ్రాముల పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను.

ఖర్జూరం బరువులో మూడింట రెండొంతులు చక్కెరే అనుకుని లెక్క వేసుకోండి. 150 గ్రాములు వేస్తే 100 గ్రాముల చక్కెర వేసినట్టు. దాంతోపాటు పది గ్రాములకి పైగా పీచు వస్తుంది, ఆ పీచు నీటిని పట్టుకుంటుంది. చక్కెర చేసే మెత్తదనం పని అలా కొంతవరకు ఖర్జూరం చేసిపెడుతుంది.

అరటిపండు రెండో ఆధారం. తొక్క మీద నల్లమచ్చలు వచ్చి, ఇంట్లో ఎవరూ తినం అన్న స్థితిలో ఉన్నదే మనకి కావాలి. అప్పటికి దానిలోని గంజి దాదాపుగా తీపిగా మారిపోయి ఉంటుంది. మా గోదావరి వైపు చక్రకేళి దొరికితే అదే వాడతాను, వాసన తక్కువ, తీపి ఎక్కువ. కర్పూరం కొంచెం పుల్లగా ఉంటుంది, అదీ మంచిదే. అమృతపాణి వాసన చాక్లెట్‌ని మింగేస్తుంది కాబట్టి నేను వాడను. అరటిపండు వాసన పడని పిల్లలుంటే అంతే బరువు గుమ్మడికాయ ఆవిరికి ఉడికించి, నీళ్లు వార్చి, మెత్తగా చేసి వేయండి. అప్పుడు బెల్లం ఒక చెంచా పెంచాలి.

బెల్లం దగ్గర మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేని ఒక పాఠం ఉంది. పరమాన్నంలో వేడి పాలలో బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయని, దింపి కాస్త చల్లారాక వేయాలని మన అమ్మమ్మలు చెప్పేవారు. బెల్లంలో ఉండే కొద్దిపాటి ఆమ్లం, లవణాలు ఆ పని చేస్తాయి. మఫిన్‌లో అదే ఆమ్లం వంట సోడాతో కలిసి బుడగలు పుట్టిస్తుంది, అంటే ఇక్కడ మనకి సాయమే. అనకాపల్లి బెల్లంలో ముదురు గోధుమరంగుది తీసుకోండి. పసుప్పచ్చగా మెరిసే అచ్చులకి రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వాడి ఉండే అవకాశం ఉంది. కోరిన బెల్లాన్ని నేరుగా పిండిలో కలపకండి. వేడినీళ్లలో కరిగించి టీ వడపోతలో వడకట్టండి, అడుగున ఇసుక కనిపిస్తుంది. తాటిబెల్లం దొరికితే చాక్లెట్‌కి దాన్ని మించిన జోడీ లేదు. ఆ పొగవాసన, కోకో చేదు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

తేనె గురించి రెండు ముక్కలే. ఖరీదైనది, ఓవెన్‌లో దాని వాసన పోతుంది, త్వరగా మాడుతుంది. కావాలంటే కాలిన మఫిన్ మీద తినేముందు పాపకి చుక్క రాయండి. ఇంట్లో ఏడాది నిండని పసిబిడ్డ ఉంటే తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. మార్కెట్లో బ్రౌన్ షుగర్ పేరుతో దొరికేది చాలావరకు తెల్ల పంచదారకి చెరకు మడ్డి కలిపింది, దాన్ని సహజం అనుకుని కొనకండి.

ఇక కోకో. సబ్బు వాసన రహస్యం ఇక్కడుంది.

కోకో పౌడర్ రెండు రకాలు. ఒకటి సహజ కోకో. కొంచెం పుల్లటి స్వభావం, లేత ఎరుపు కలిసిన గోధుమరంగు, ముక్కు దగ్గర పెడితే పండు లాంటి వాసన. రెండోది క్షారంతో శుద్ధి చేసినది. నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం 19వ శతాబ్దంలో మొదలుపెట్టిన పద్ధతి కాబట్టి డచ్ కోకో అంటారు. ముదురు రంగు, చేదు తక్కువ, పులుపు దాదాపు ఉండదు. వంట సోడా పనిచేయాలంటే ఆమ్లం కావాలి. సహజ కోకో ఆ ఆమ్లం కొంత ఇస్తుంది, డచ్ కోకో ఇవ్వదు. మీ వంటకం సహజ కోకో కోసం రాసినది, మీరు వాడినది బహుశా డచ్. ఒక టీస్పూను సోడా వేశారు, అందులో ఎక్కువ భాగం కలవడానికి ఆమ్లం దొరక్క అలాగే మిగిలిపోయింది. ఆ మిగిలిన సోడాదే సబ్బు రుచి. మీ దగ్గరున్న ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూడండి. ఆసిడిటీ రెగ్యులేటర్ అనీ, పక్కన 501 లాంటి నంబరనీ ఉంటే అది క్షారంతో శుద్ధి చేసినదే. అమెరికాలో ఉన్నవాళ్లకి డబ్బా మీద ఆల్కలీతో ప్రాసెస్ చేసినట్టు నేరుగా రాసి ఉంటుంది. రెండు రకాలతోనూ మఫిన్ బాగానే వస్తుంది, సోడా కొలత మాత్రం మారాలి.

డ్రింకింగ్ చాక్లెట్ పొడిని కోకో అనుకుని వాడేవాళ్లు నా క్లాసులో ప్రతిసారీ ఒకరైనా ఉంటారు. పాలలో కలుపుకునే ఆ పొడిలో ఎక్కువ భాగం చక్కెర. అది వేస్తే మన శ్రమంతా వృథా.

మన కోకో గురించి చెప్పకుండా ఉండలేను. దేశంలో ఎక్కువ కోకో పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో చెట్లు ఉంటాయి. కాయ పగలగొడితే లోపల తెల్లటి గుజ్జుతో గింజలు, ఆ గుజ్జు సీతాఫలంలా తియ్యగా పుల్లగా ఉంటుంది. గింజల్ని చెక్కపెట్టెల్లో వారం దాకా పులియబెట్టి, ఎండలో ఆరబోస్తారు. చాక్లెట్ వాసన పుట్టేదానికి పునాది ఆ పులియబెట్టడంలో పడుతుంది, వేయించినప్పుడు బయటికి వస్తుంది. ఇప్పుడు ఈ గింజలతోనే చాక్లెట్ చేసేవాళ్లు మన దగ్గరే ఉన్నారు. దొరికితే మన నేల కోకో కొని చూడండి.

పాపకి చేదు ఎందుకు తగిలింది? చక్కెర తగ్గినప్పుడు కోకో చేదు దాచుకోవడానికి చోటుండదు. దానికి తీపి పెంచక్కర్లేదు, మూడు చిన్న పనులు చేస్తే చాలు. మొదటిది, కోకోని పొడిగా పిండిలో కలపకుండా మరిగే నీళ్లలో వేసి చిక్కటి పేస్టు చేసి పది నిమిషాలు వదిలేయండి. వాసన విచ్చుకుంటుంది, పచ్చి చేదు తగ్గుతుంది. ఆ నీళ్లలో రెండు చెంచాలు ఫిల్టర్ కాఫీ డికాషన్ అయితే ఇంకా మంచిది. కాఫీ రుచి తెలియదు, చాక్లెట్ రుచి లోతుగా వినిపిస్తుంది. పిల్లలకి వద్దనుకుంటే మానేయండి. రెండోది ఉప్పు, అర టీస్పూను. ఉప్పు చేదుని అణిచేస్తుంది, తీపిని పైకి తెస్తుంది. చాలామంది తీపి వంటలో ఉప్పా అని చిటికెడు వేసి ఊరుకుంటారు, అది చాలదు. మూడోది వనిల్లా గానీ యాలకుల పొడి గానీ. తీపి వాసన తగిలితే నాలుక కూడా తీపి ఎక్కువ ఉందనుకుంటుంది. నేను సగం యాలక్కాయ పొడి వేస్తాను, పాయసం గుర్తొచ్చేంత వేయను.

పిండి సంగతి. మర ఆడించిన గోధుమపిండికి నీరు తాగే గుణం మైదాకంటే చాలా ఎక్కువ. రాళ్ల మధ్య నలిగి గంజి కణాలు పగులుతాయి, తవుడు కూడా నీరు పీల్చుకుంటుంది, అదీ నెమ్మదిగా. అందుకే పిండి కలిపాక పది నిమిషాలు ఆగాలి. కలిపిన వెంటనే జారుడుగా ఉందని మరో గరిటె పిండి వేస్తే కాలాక ఇటుకే. రాగి పిండి ఐదోవంతు కలుపుతాను. రంగు కోకోలో కలిసిపోతుంది, గ్లూటెన్ లేదు కాబట్టి మఫిన్ సాగకుండా విరుగుతుంది. ముందు మూకుడులో సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి చల్లార్చండి. రాగిలో కాల్షియం ఉందని వేస్తున్నారా? ఉంది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాములకి 364 మిల్లీగ్రాములు. కానీ మనం పన్నెండు మఫిన్లకి వేసేది 40 గ్రాములు, ఒక్కో మఫిన్‌కి వచ్చేది 12 మిల్లీగ్రాములే. రాగిని రుచి కోసం, విరుపు కోసం వేయండి. కాల్షియం కోసం పక్కన గ్లాసు పాలు పెట్టండి.

నా కొలతలు ఇవి. మామూలు పరిమాణం కప్పులు 12 వస్తాయి. దయచేసి కప్పులతో కొలవకండి. మన దుకాణాల్లో 200 మి.లీ. కప్పూ అమ్ముతారు, 240 మి.లీ. కప్పూ అమ్ముతారు. చిన్న వంటింటి త్రాసు ఒకటి కొనుక్కుంటే సగం సమస్యలు పోతాయి.

గోధుమపిండి 160 గ్రాములు
వేయించిన రాగి పిండి 40 గ్రాములు
కోకో పౌడర్ 35 గ్రాములు (మొదటిసారి పిల్లలకి 25 చాలు)
గింజ తీసిన మెత్తని ఖర్జూరం 150 గ్రాములు
తొక్క తీసిన బాగా పండిన అరటిపండు 150 గ్రాములు
బెల్లం 30 గ్రాములు
మరిగే నీళ్లు 100 మి.లీ. (డికాషన్ వేస్తే అది కూడా ఇందులోనే)
కొంచెం పుల్లటి పెరుగు 80 గ్రాములు
గుడ్లు 2
నూనె 70 మి.లీ.
బేకింగ్ పౌడర్ 1 టీస్పూను, వంట సోడా అర టీస్పూను (డచ్ కోకో అయితే పౌడర్ ఒకటిన్నర, సోడా పావు)
ఉప్పు అర టీస్పూను, యాలకుల పొడి లేదా వనిల్లా

నూనె వాసన లేనిది వాడండి. వేరుశెనగ గానుగ నూనె పకోడీలకి అద్భుతం గానీ ఇక్కడ పైకి తేలుతుంది. కొబ్బరి నూనె చాక్లెట్‌కి బాగా నప్పుతుంది, అయితే పెరుగు, గుడ్లు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవైతే తగలగానే గడ్డకట్టి పిండిలో పూసల్లా మిగులుతుంది. అన్నీ గదివేడికి వచ్చాక మొదలుపెట్టండి. నూనె పూర్తిగా మానేసి అరటిపండుతో సరిపెట్టమని సలహాలు చూస్తుంటారు. నేను చేసి చూశాను. వేడిగా ఉన్నప్పుడు తినొచ్చు, మధ్యాహ్నానికి రబ్బరు. గుడ్డు తినని ఇంట్లో రెండు చెంచాల అవిసె గింజల పొడి ఆరు చెంచాల నీళ్లలో పావుగంట నానబెట్టి వేయండి. కొంచెం తక్కువ పొంగుతాయి, రుచికి లోటుండదు.

మరిగే నీళ్లలో 60 మి.లీ. కోకో మీద పోసి గుండ్రంగా తిప్పుతూ పేస్టు చేయండి. మిగతా 40లో బెల్లం కరిగించి వడకట్టి, ఆ వేడి పాకమే ఖర్జూరాల మీద పోసి ఇరవై నిమిషాలు నాననివ్వండి. ఖర్జూరం, అది నానిన నీళ్లతో సహా, అరటిపండు, పెరుగు కలిపి మిక్సీలో వెన్నలా రుబ్బండి. నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోస్తే తీపి సింక్‌లోకి పోయినట్టు. గిన్నెలోకి తీసి చల్లారాక గుడ్లు, నూనె, కోకో పేస్టు, వనిల్లా వేసి విస్కర్‌తో కలపండి. ఇంకో గిన్నెలో పిండి, రాగి, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు రెండుసార్లు జల్లించండి. జల్లెడలో మిగిలిన తవుడు పారేయకుండా మళ్లీ అందులోనే వేయండి.

తడిదీ పొడిదీ కలిపేటప్పుడు చెయ్యి ఆపుకోవడమే ఇందులో ఉన్న పనితనం. చపాతీపిండి అలవాటున్న చేతులు మెత్తబడేదాకా కలుపుతూనే ఉంటాయి. ఇక్కడ చెక్కగరిటెతో అడుగునుంచి పైకి పదిహేనుసార్లు తిప్పండి, పొడి పిండి కనిపించకపోతే చాలు. చిన్న గడ్డలు ఉండనివ్వండి, అవి ఓవెన్‌లో కరుగుతాయి. ఎక్కువ కలిపితే మఫిన్ లోపల నిలువుగా సొరంగాల్లాంటి రంధ్రాలు పడి, గట్టిగా సాగుతుంది. పిండి ఇడ్లీపిండి కంటే కాస్త చిక్కగా, గరిటె నుంచి జారకుండా ముద్దగా పడేట్టు ఉండాలి. పది నిమిషాలు ఆగి, కదపకుండా కప్పుల్లో ముప్పాతిక వంతు నింపండి.

ఓటీజీని, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ని, 200 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడి చేయండి. పై కడ్డీ, కింద కడ్డీ రెండూ వెలిగించి, ట్రే మధ్య అరలో పెట్టండి. మొదటి ఐదు నిమిషాలు 200లోనే ఉంచితే ఆవిరి ఒక్కసారి పుట్టి గుండ్రటి తల పొంగుతుంది. ఆ తర్వాత తలుపు తెరవకుండానే 170కి తగ్గించి మరో 15 నుంచి 17 నిమిషాలు. ఫ్యాను తిరిగే కన్వెక్షన్ అయితే రెండు అంకెలూ ఇరవై తగ్గించండి. అమెరికా ఓవెన్లలో 400 ఫారెన్‌హీట్‌తో మొదలుపెట్టి 340కి దించడమే. చాక్లెట్ వాసన వంటింట్లో నిండాక రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. తల మీద వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోయిన చోటు తిరిగి పైకి రావాలి. పుల్ల గుచ్చితే ఒకటి రెండు తడి రేణువులు అంటాలి, జారే పిండి అంటకూడదు. పుల్ల పూర్తిగా శుభ్రంగా వచ్చేదాకా ఉంచితే ఎండిపోతాయి.

ఓవెన్ లేదంటే ఐదు లీటర్ల కుక్కర్‌లో అడుగున కప్పుడు ఉప్పు పరిచి, పైన స్టాండ్ పెట్టి, గ్యాస్కెట్, వెయిట్ రెండూ తీసేసి మధ్యస్థ మంటమీద పది నిమిషాలు వేడెక్కించండి. నీళ్లు పోయకూడదు. చిన్న స్టీలు గిన్నెలకి నూనె రాసి పిండి వేసి, సన్నసెగ మీద అరగంటకి పైగా పడుతుంది. తల పగిలి పొంగదు, చదునుగా ఉంటుంది. లోపల మాత్రం చక్కగా కాలుతుంది. ఆ ఉప్పు చల్లార్చి డబ్బాలో దాచుకుంటే మళ్లీ దీనికే వాడుకోవచ్చు.

ఓవెన్ నుంచి తీశాక ఐదు నిమిషాలకి కప్పుల్లోంచి బయటికి తీసేయండి, లేకపోతే చెమట పట్టి అడుగు తడిసిపోతుంది. ఇంకొక్కటి: వేడిమీద కోసి చూసి "ఇంకా పచ్చిగా ఉంది" అనుకోకండి. ఖర్జూరం వేసిన మఫిన్ పూర్తిగా చల్లారితేనే లోపల కుదురుకుంటుంది. తీపి కూడా గంట తర్వాతే సరిగ్గా తెలుస్తుంది, మర్నాడు ఇంకా బాగుంటుంది.

ఈ కొలతల ప్రకారం ఒక్కోదానిలో నా లెక్కకి దాదాపు 180 క్యాలరీలు, 12 గ్రాముల చక్కెర, 4 గ్రాముల పీచు, 4 గ్రాముల మాంసకృత్తులు. బెల్లం మానేస్తే చక్కెర 10 గ్రాములకి వస్తుంది. మీ పాత వంటకంలో 200 గ్రాముల పంచదార పన్నెండింటికి పంచితే ఒక్కోదానికి 16, 17 గ్రాములు. తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత కాదు, చూశారా? మిగతా లాభం పీచులోనూ, ముడి ధాన్యంలోనూ ఉంది. నాలుగు గ్రాముల మాంసకృత్తులతో పిల్ల పదకొండింటిదాకా ఆగలేదు. కాబట్టి ఒక మఫిన్, ఒక ఉడికించిన గుడ్డు గానీ గుప్పెడు వేయించిన వేరుశెనగలు గానీ, పాలు. రెండు మఫిన్లు పెట్టేకంటే ఇది మేలు.

ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్లకి "ఇందులో చక్కెర లేదు, తినండి" అని మాత్రం చెప్పకండి. మా ఇంట్లో మా మామయ్యగారికి మొదట్లో నేనే అలా పెట్టాను. తిన్న రెండు గంటలకి చూస్తే గ్లూకోమీటర్‌లో అంకె పెరిగింది. ఖర్జూరం, అరటి, పిండి అన్నీ చివరికి గ్లూకోజే. వాళ్లకి ఎంత, ఎప్పుడు అన్నది వాళ్ల డాక్టరుగారినే అడగాలి. నేను ఆయనకి అరముక్క, పెసరట్టు తిన్న తర్వాత ఇస్తున్నాను, అదీ డాక్టరుగారు సరే అన్నాకే.

నిల్వ విషయంలో జాగ్రత్త. పంచదార ఎక్కువ ఉన్న కేకు బయట మూడు రోజులుంటుంది. వీటిలో తేమ ఎక్కువ, కాబట్టి మన ఎండల్లో ఒక్క రోజే, రెండో రోజుకి అడుగున బూజు చూశాను. ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటాయి గానీ కొంచెం గట్టిపడతాయి. డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు ఏమీ కావు. ఆదివారం చేసి, చల్లారాక ఒక్కోటి విడిగా చుట్టి పెట్టుకోండి. రాత్రి పడుకునేముందు ఒకటి తీసి బయట పెడితే పొద్దున్నకి మెత్తబడి ఉంటుంది, తవా మీద మూతపెట్టి రెండు నిమిషాలు వేడిచేస్తే అప్పుడే చేసినట్టుంటుంది.

మీ పాపకి ఇప్పటిదాకా బేకరీ మఫిన్ తీపి అలవాటు. ఒక్కరోజులో దించితే మళ్లీ పక్కన పెట్టేస్తుంది. మొదటి వారం బెల్లం 60 గ్రాములు వేయండి, కోకో 25. పైన తలా ఒక చిన్న డార్క్ చాక్లెట్ ముక్క గుచ్చండి. 70 శాతం చాక్లెట్‌లో కూడా దాదాపు 30 శాతం చక్కెరే కానీ, కొరికినప్పుడు కరిగిన చాక్లెట్ తగిలితే మిగతా మఫిన్ అంతా తియ్యగా అనిపిస్తుంది. తర్వాత వారానికి పది గ్రాముల చొప్పున బెల్లం తగ్గించుకుంటూ రండి. నా దగ్గర నేర్చుకున్న తల్లుల్లో ఎక్కువమందికి నెల తిరిగేసరికి 30 దగ్గర కుదిరింది.

ఈసారి సగం కొలతతో ఆరు చేయండి. ఏ కోకో, ఏ ఖర్జూరం, ఎన్ని నిమిషాలు అన్నది కాగితం మీద రాసుకోండి. ఫొటో పెట్టేటప్పుడు పూర్తిగా చల్లారాక మధ్యకి కోసి పెట్టండి. పైనుంచి తీసిన ఫొటోలో నాకేమీ తెలియదు, లోపలి రంధ్రాలు చూస్తే నీరు ఎక్కువైందా, కలపడం ఎక్కువైందా చెప్పగలను.